పెళ్లిరోజు రాత్రి హోటల్ బఫే: ఇద్దరికీ సంతృప్తిగా జరగాలంటే ఎలా చేయాలి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. పెళ్లిరోజని ఇద్దరూ బఫేకి వెళ్తారు. ఒకరు లేస్తే ఒకరు కూర్చోవడంతోనే గంట గడిచిపోతుంది. బిర్యానీతో కడుపు నిండి చేపల దాకా రాలేరు. బిల్లు చూస్తే అనుకున్నదానికంటే నాలుగు వందలు ఎక్కువ ఉంటుంది. ఈసారైనా బాగా జరగాలంటే ఏం చేయాలి?

రెండు మూడు రోజుల ముందు ఒక ఫోను చేయాలి. ఆ రోజు పగలు తేలికగా తినాలి. హోటల్లో ఇద్దరూ కలిసి లేచి కలిసి కూర్చోవాలి. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. సాయంత్రం చెడేది ఎక్కువగా అక్కడే. తిండి ఎంత బాగున్నా, ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుని తింటే అది పెళ్లిరోజు భోజనం కాదు.

వెంట ఉండాల్సినవి

- బఫే ధర, పన్ను, తాగేవి, టిప్పు అన్నీ కలిపి వేసుకున్న లెక్క (ఎలా వేయాలో 3వ మెట్టులో ఉంది)
- భుజానికి తగిలించుకునే చిన్న సంచి. ప్లేటు పట్టుకోవాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి
- చేతిరుమాళ్లు రెండు, పిన్నీసులు నాలుగు
- యూపీఐ పనిచేయకపోతే ఇవ్వడానికి బిల్లుకు సరిపడా నగదు, విడిగా కొన్ని యాభై, వంద నోట్లు
- రోజూ వేసుకునే మాత్రలు

1. రోజు, పూట ఖాయం చేసుకోండి

పెళ్లిరోజు ఏ వారం పడిందో ముందు చూడండి. ఇద్దరిలో ఒకరు శనివారం నీసు తినకపోయినా, కార్తీకమాసం నడుస్తున్నా మాంసాహార బఫేకి పూర్తి ధర పెట్టడం దండగ. భోజనాన్ని ఒక రోజు ముందుకో వెనక్కో జరపండి. పెళ్లిరోజు నాడు పొద్దున జొన్నవాడ కామాక్షమ్మ గుడికో రంగనాయకుల గుడికో వెళ్లొచ్చి, బఫే ఆదివారానికి పెట్టుకుంటే రెండూ తీరిగ్గా అవుతాయి.

నెల్లూరు వాళ్లు మరో రెండు విషయాలు చూసుకోవాలి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరిగే రోజుల్లో దర్గామిట్ట, స్వర్ణాల చెరువు వైపు దారులు కిటకిటలాడతాయి, హోటల్ గదులు నిండిపోతాయి. ఆ రోజుల్లో ఆ వైపు బల్ల బుక్ చేయకండి. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల కాలం. గట్టి వాన పడితే మాగుంట లేఔట్ అండర్ బ్రిడ్జి లాంటి చోట్ల నీళ్లు నిలుస్తాయి. రైలుకట్టకు మీరున్న వైపే హోటల్ చూసుకుంటే ఆ చిక్కు ఉండదు.

పెద్ద ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపం కూడా ఉన్న హోటళ్లలో వంటవాళ్లు, వడ్డించేవాళ్లు చాలామంది పెళ్లి విందు మీదే ఉంటారు. అలాంటప్పుడు బఫే గిన్నెలు ఖాళీ అయితే మళ్లీ నింపడం ఆలస్యమవుతుంది. ఫోను చేసినప్పుడు ఆ రోజు ఫంక్షన్ ఉందేమో తప్పక అడగండి.

2. ఫోను చేసి అడగండి

సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య ఫోను చేయకండి. ఆ వేళకి తీసేవాళ్లకి మాట్లాడే తీరిక ఉండదు. మధ్యాహ్నం మూడు, అయిదు మధ్య చేస్తే మేనేజరే దొరుకుతారు. ఈ వరసలో అడగండి:

"ఆ రోజు రాత్రి బఫే కచ్చితంగా ఉందా అండీ?" అన్ని హోటళ్లలోనూ రోజూ రాత్రి బఫే ఉండదు. కొన్నిచోట్ల పొద్దున టిఫిను బఫే మాత్రమే ఉంటుంది, కొన్నిచోట్ల శని, ఆదివారాలే. ఇంకొన్ని చోట్ల తగినంత మంది బుక్ చేసుకోకపోతే బఫే ఎత్తేసి మెనూ కార్డు ఇస్తారు. "మంది తక్కువైతే ఏం చేస్తారు?" అని కూడా అడిగి ఉంచుకోండి.

"ధరలో పన్ను కలిసిందా, విడిగానా? సర్వీస్ ఛార్జీ వేస్తారా?" ప్రకటనలో కనిపించే అంకె చాలాసార్లు పన్ను కలపనిది.

"నీసులో ఏమేం ఉంటాయి? చేప ఉందా, రొయ్యలు ఉన్నాయా?" ఇది నెల్లూరు జిల్లా కదా, చేపల పులుసు ఉంటుందిలే అనుకుని వెళ్లి, కోడికూర ఒక్కటే చూసి నిరాశపడినవాళ్లు చాలామంది. మెనూ రోజూ మారుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రం మళ్లీ ఒకసారి కనుక్కోండి.

"ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి గిన్నెలు నింపడం ఆపేస్తారు?" బఫే పదిన్నర దాకా అన్నా, చివరి అరగంట కొత్తగా ఏదీ రాకపోవచ్చు. మీ లెక్క ఆపేసే వేళను బట్టి ఉండాలి.

"కేకు మేం తెచ్చుకోవచ్చా?" కొన్నిచోట్ల బయటి తిండి రానివ్వరు, కొన్నిచోట్ల కేకు ఒక్కటీ ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల వాళ్లే చిన్న కేకు ఉచితంగా ఇస్తారు. గుడ్డు లేనిది కావాలంటే ఆ మాట ఇప్పుడే చెప్పాలి.

"పెళ్లిరోజండీ, గోడవారగా, గిన్నెలకి కాస్త దూరంగా బల్ల ఇవ్వండి." ఇదొక్కటి చెప్పినా సగం పని అయినట్టే. వీలైతే ఇద్దరి బల్ల బదులు నలుగురు కూర్చునే చిన్న బల్ల అడగండి. ఇద్దరి బల్ల మీద నాలుగు ప్లేట్లు, రెండు గ్లాసులు పెడితే చెయ్యి ఆనించడానికి చోటుండదు. ఆదివారం రద్దీలో పెద్ద బల్ల ఇవ్వకపోవచ్చు, మామూలు రోజుల్లో ఇస్తారు.

చివరగా ఫోను ఎత్తినవారి పేరు అడిగి రాసుకోండి. బుకింగ్ వివరాలు వాట్సాప్‌లో పంపమనండి: తేదీ, వేళ, ఇద్దరు, ధర, పన్ను, కేకు. నోటిమాట మీద వెళ్తే, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లకి సంగతే తెలియదు.

యాప్‌లో తగ్గింపు చూసి బుక్ చేస్తే షరతులు చదవండి. పండగలకి, శని ఆదివారాలకి వర్తించదని గానీ, డబ్బు యాప్ ద్వారానే కట్టాలని గానీ ఉంటుంది. కౌంటర్లో కట్టేశాక తగ్గింపు అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

3. ఖర్చు లెక్క వేసుకోండి

మనిషికి 800 రూపాయలు అనుకుందాం. ఇద్దరికి 1,600. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, అంటే 80. మొత్తం 1,680. బిల్లులో ఇది కేంద్రానికి రెండున్నర శాతం, రాష్ట్రానికి రెండున్నర శాతంగా రెండు వరసల్లో కనిపిస్తుంది. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో పన్ను 18 శాతం ఉంటుంది. అప్పుడు అదే భోజనం 1,888 అవుతుంది. అందుకే పన్ను ఎంత శాతమో ఫోనులోనే అడగమన్నది.

మాక్‌టెయిల్, సోడా, కూల్‌డ్రింకు, సీసా నీళ్లు సాధారణంగా బఫే ధరలో ఉండవు. కూర్చోగానే వెయిటర్ సీసా మూత తీయబోతే ఆపి, "ఇది బఫేలో కలిసిందా అన్నా, విడిగానా?" అని అడగండి. మామూలు ఫిల్టర్ నీళ్లు చాలనుకుంటే అదే చెప్పండి.

సర్వీస్ ఛార్జీ కట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. బిల్లులో కనిపిస్తే నెమ్మదిగా తీసేయమనండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు.

ఇద్దరిలో ఒకరు చాలా తక్కువ తినేవారైతే, లేక శాకాహారి అయితే, బఫే ధరను మెనూ కార్డుతో పోల్చి చూడండి. వన్ బై టూ సూపు, ఒక స్టార్టర్, ఒక కూర, మూడు రోటీలు, ఒక బిర్యానీ, ఒక ఐస్‌క్రీం ఇద్దరికి బాగా సరిపోతాయి. చాలాసార్లు ఇది బఫేకంటే తక్కువే అవుతుంది, లేచే పనీ ఉండదు. పెళ్లిరోజుకి బఫేనే కావాలని నియమమేం లేదు. పది రకాలు రుచి చూడాలన్న కోరిక ఇద్దరికీ ఉంటేనే బఫే.

4. ఆ రోజు పగలు

రాత్రి బాగా తినొచ్చని పగలు కడుపు మాడ్చుకోవడం పెద్ద పొరపాటు. ఆకలి నకనకలాడుతుంటే మొదట కనిపించిన వేపుడు, నాన్ మీద పడతాం. కడుపు నిండిన కబురు మెదడుకి చేరడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ లోపు ఎక్కువ తినేసి, తర్వాత ఆయాసపడతాం.

మధ్యాహ్నం ఒంటిగంటకి పెరుగన్నమో రెండు పుల్కాలో తినండి. అయిదింటికి ఒక అరటిపండో గుప్పెడు గుగ్గిళ్లో. అయిదు దాటాక పాలు, టీ, మిర్చి బజ్జీలు వద్దు.

షుగర్ ఉన్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, భోజనం ముందు వేసుకునే మందుని ఇంట్లోనే వేసుకుని బయలుదేరకండి. దారిలో ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. మందు వెంట తీసుకెళ్లి, భోజనానికి ఎంత ముందు వేసుకోవాలని డాక్టరు చెప్పారో అంత ముందు అక్కడే వేసుకోండి.

చీర విషయం. పట్టుచీరైనా వెంకటగిరి జరీ చీరైనా పైట మడతలు పెట్టి భుజం దగ్గర రెండు పిన్నీసులతో బిగించండి. వదిలేసిన పైటతో గిన్నెల వైపు వంగితే కూరలో పడేది కొంగే, గిన్నె కింద మంట ఉంటే ఇంకా ప్రమాదం. పులుసు చుక్క పడితే రుద్దకండి. టిష్యూ కాగితం అద్ది పీల్చనివ్వండి. ఇంటికొచ్చాక నూనె మరక మీద టాల్కం పౌడరు చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున దులిపి డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. నీళ్లు పోస్తే పట్టు మీద చార పడుతుంది.

మైపాడు తీరానికి వెళ్లొచ్చి భోజనం చేద్దామనుకునేవారు అక్కడినుంచి ఆరింటికల్లా కదలండి. ఊళ్లోకి పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఇసక కడుక్కుని బట్టలు మార్చుకోవడానికి అరగంట పడుతుంది. ఒంగోలు వాళ్లకి కొత్తపట్నం తీరం ఇంకా దగ్గర, అయినా ఇదే లెక్క పెట్టుకోండి. కావలి, ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చేవారు తిరుగు బస్సు వేళ ముందు చూసుకుని, దాన్నుంచి వెనక్కి లెక్కేసి బల్ల వేళ చెప్పండి.

5. చేరడం, కూర్చోవడం

బఫే ఏడున్నరకి మొదలైతే ఏడూ నలభైకల్లా అక్కడ ఉండండి. మొదటి అరగంటలో గిన్నెలన్నీ నిండుగా, వేడిగా ఉంటాయి. గరిటెలు శుభ్రంగా ఉంటాయి, వరసలు ఉండవు. ఆదివారమైతే ఎనిమిదిన్నర దాటాక కుటుంబాలన్నీ ఒకేసారి దిగుతాయి.

బల్ల చూడగానే కూర్చోకండి. తల మీదికి ఏసీ గాలి సూటిగా కొడుతుందా? అయితే ప్లేటులో కూర అయిదు నిమిషాల్లో చల్లారిపోతుంది. వంటగది తలుపు, చేతులు కడుక్కునే చోటు, పాటల స్పీకరు పక్కన ఉన్నాయా? ఉంటే మార్చమనండి. కూర్చోకముందు అడిగితే మారుస్తారు, నీళ్లు పోశాక మొహమాటం అడ్డొస్తుంది. ఎదురెదురుగా కాకుండా బల్ల మూలకి అటూ ఇటూ కూర్చుంటే, హోరులో కూడా గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు.

క్యాండిల్ వెలుగు పెట్టి లైట్లు తగ్గిస్తామంటే ఒప్పుకునేముందు ఆలోచించండి. చేపలు తినబోతున్నారు. శీలావతి, బొచ్చె ముక్కల్లో సన్నముళ్లు ఎక్కువ, మసక వెలుతురులో కనిపించవు. చేప అయ్యేదాకా లైటు ఉంచి, తీపి వేళకి తగ్గించమనండి. కొరమీను, వంజరం అయితే సన్నముళ్ల బాధ అంతగా ఉండదు.

6. ప్లేటు లేకుండా ఒక చుట్టు తిరగండి

ఇద్దరూ కలిసి, ఖాళీ చేతులతో, మొదటి గిన్నె నుంచి చివరి తీపి దాకా చూసి రండి. రెండు మూడు నిమిషాల పని. ఒక్కొక్కరు మూడు నాలుగు రకాలు "ఇవి తప్పకుండా తినాలి" అని అనుకోండి. మిగతావి ఉన్నట్టే లెక్క పెట్టకండి.

ఆ చుట్టులోనే వేడి చూసుకోవాలి. వేడిగా వడ్డించే వంటకం 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉండాల్సినది 5 డిగ్రీల లోపు ఉండాలి. ఆ మధ్య వేడిలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. థర్మామీటరు అక్కర్లేదు, ఇవి చూడండి:

- మూత తీయగానే ఆవిరి రావాలి. గిన్నె కింద నీళ్లు, మంట లేక కరెంటు వేడి ఉందో లేదో గమనించండి.
- కూర మీద మీగడలా పొర కట్టి, అంచులు ఎండిపోయి ఉంటే అది చాలాసేపటిది. కొత్తది వచ్చేదాకా ఆగండి.
- మయోనీజ్ కలిపిన సలాడ్, పెరుగుపచ్చడి, కోసిన పళ్లు ఐసు మీద లేకపోతే వదిలేయండి.
- వేపుడు చేప, రొయ్యలు మెత్తబడి నూనె కక్కుతుంటే తీసుకోకండి. "కొత్త వాయి ఎప్పుడొస్తుందన్నా?" అని అడిగితే చెప్తారు, కొన్నిసార్లు బల్ల దగ్గరికే తెచ్చిస్తారు.

శాకాహారులు మరొకటి చూడాలి. కోడికూర గరిటె పనీర్ కూరలోకి వెళ్లడం బఫేలో తరచు జరిగేదే. అందుకే శాకాహార వంటకాలు మొదటి పదిహేను నిమిషాల్లో తీసుకోవడం మేలు. అప్పటికప్పుడు కాల్చి ఇచ్చేచోట చేపకీ పనీర్‌కీ ఒకే పెనం వాడుతున్నారేమో అడగండి. వాడుతుంటే పెనం తుడిస్తే సరిపోదు, వేరే పెనం కావాలి. రొయ్యలు పడనివారు ఆ గరిటె తగిలిన పులుసులకు కూడా దూరంగా ఉండాలి.

7. తినే వరస

ఇదే అసలు మెట్టు. భోజనం మొత్తాన్ని నాలుగు విడతలు చేయండి. ప్రతి విడతకీ ఇద్దరూ కలిసి లేవండి. లేచేటప్పుడు నాప్కిన్ కుర్చీ మీద వేయండి, మళ్లీ వస్తామని దానర్థం. బల్ల మీద మడిచి పెడితే భోజనం అయిపోయిందనుకుని ప్లేట్లు తీసేస్తారు. ఫోన్లు, సంచి బల్ల మీద వదలకండి.

మొదటి విడత: చెరో చిన్న కప్పు సూపు, మూడు నాలుగు స్టార్టర్ ముక్కలు. రొయ్యల వేపుడు ఉంటే ఇప్పుడే. రొయ్యలు వేడి గిన్నెలో అరగంట కూర్చుంటే రబ్బరులా సాగుతాయి. బంగాళాదుంప, కార్న్, బ్రెడ్డుతో చేసినవి చివరికి ఉంచండి, కడుపు నింపేవి అవే. ఇద్దరూ వేర్వేరు రకాలు తెచ్చుకుని మధ్యలో పెట్టుకోండి. ఆరు రకాలు రుచి చూసినట్టవుతుంది, ఎవరికీ బరువెక్కదు.

రెండో విడతకి ముందు పది, పదిహేను నిమిషాలు ఆగండి. కబుర్లకి ఇదే మంచి సమయం. ఫొటోలు కూడా ఇప్పుడే, చేతులకి మసాలా అంటకముందే. దోసె గానీ పాస్తా గానీ అప్పటికప్పుడు చేసిచ్చే చోట మాస్టర్‌కి బల్ల నంబరు చెప్పి వచ్చేయండి, అక్కడ నిలబడి ఎదురుచూడకండి.

రెండో విడత అన్నం, చేపల పులుసు. నెల్లూరు చేపల పులుసు ఉంటే బిర్యానీని దాని ముందు పెట్టకండి. బిర్యానీ మసాలా నాలుక మీద ఉంటే చింతపండు, మామిడి పులుపు తేలిపోతుంది. గిన్నెలో ముక్కలు అడుగున ఉంటాయి. గరిటెతో తిప్పితే చేప చిదురవుతుంది, తర్వాత వచ్చేవాళ్లకి ముళ్లపొడి మిగులుతుంది. గరిటెను గిన్నె అంచు వెంట నెమ్మదిగా కిందికి దించి, ముక్కను కింది నుంచి ఎత్తండి. ఒక ముక్క, రెండు గరిటెల పులుసు, ఉంటే ఒక మామిడి బద్ద. దానికి వేడి తెల్లన్నం గుప్పెడు. నాన్‌తో తింటే ఈ పులుసు రుచి తెలియదు.

మూడో విడత బిర్యానీ. పై పొర ఆవిరి పోయి ఎండి ఉంటుంది. గరిటెను నిలువుగా అడుగుదాకా దించి తీస్తే మసాలా, ముక్క, అన్నం మూడూ వస్తాయి. మనిషికి రెండు గరిటెలు చాలు. ఇంకా కావాలంటే మళ్లీ లేవండి, ప్లేటులో గుట్ట పోసుకుని వదిలేయకండి. వృథా చేస్తే అదనంగా వసూలు చేసే హోటళ్లూ ఉన్నాయి. దాని తర్వాత రెండు చెంచాల పెరుగన్నం తింటే కారం సర్దుకుంటుంది.

నాలుగో విడత తీపి. ఇద్దరికీ కలిపి ఒక ప్లేటు తెచ్చుకోండి, మూడు రకాలు, ఒక్కోటి ఒకటే. మలైకాజా ఉంటే అది ముందు, ఐస్‌క్రీం చివర. చల్లటిది తిన్న నాలుకకి పాకం తీపి తెలియదు.

అన్ని విడతలూ కలిపి గంటన్నర పట్టాలి. గంటలోపే అయిపోతే హడావిడి పడ్డట్టే. రెండో విడతలోనే కడుపు బరువనిపిస్తే బిర్యానీ వదిలేయండి, ధర గిట్టుబాటు కావాలని తినకండి.

8. కేకు

ఇద్దరికి పావు కిలో కేకు, లేదా రెండు పేస్ట్రీలు చాలు. అర కిలో తెస్తే సగం మిగిలి క్రీము కారుతూ ఇంటికి వస్తుంది. తెచ్చినదైతే రాగానే ఫ్రిజ్‌లో పెట్టమని ఇచ్చేయండి. ఏ వేళకి తేవాలో కూడా చెప్పండి: మూడో విడత అయ్యాక, తీపికి ముందు.

కేకు మీద స్నో స్ప్రే కొట్టనివ్వకండి, స్నేహితులు ఎంత సరదాపడినా సరే. ఆ డబ్బాల్లో చాలావాటిలో మండే వాయువు ఉంటుంది. వెలిగే కొవ్వొత్తి దగ్గర స్ప్రే చేస్తే మంట జుట్టుకీ చీరకీ అంటుకుంటుంది. నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తులు కూడా హోటల్ వాళ్లని అడగకుండా వెలిగించకండి, పైన పొగ అలారం ఉంటే మోగుతుంది. మామూలు చిన్న కొవ్వొత్తి ఒకటి చాలు.

9. బిల్లు చూడటం

తీపి తినేటప్పుడే బిల్లు అడగండి. రద్దీలో అది రావడానికి పది నిమిషాలు పడుతుంది. డబ్బు కట్టేముందు ఇవి వరసగా చూడండి:

- మనుషుల సంఖ్య రెండేనా? ఒకటి ఎక్కువ పడటం చాలా మామూలు పొరపాటు.
- ధర వాట్సాప్‌లో చెప్పినదేనా?
- పన్ను శాతం ఫోనులో చెప్పినదేనా? 15 అక్షరాంకెల జీఎస్టీ నంబరు ఉందా? నంబరు లేని బిల్లులో పన్ను వేసి ఉంటే ఎందుకని అడగండి.
- 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉందా? 2022 జనవరి నుంచి ఆహార వ్యాపారుల బిల్లు మీద అది ఉండి తీరాలి. తిన్నది పడక ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ నంబరే ఆధారం.
- సర్వీస్ ఛార్జీ, తాగని సీసా నీళ్లు కలిశాయా?

పొరపాటు కనిపిస్తే వెయిటర్ మీద కోప్పడకండి, బిల్లు వేసింది ఆయన కాదు. మేనేజర్ని పిలిచి వాట్సాప్ సందేశం చూపిస్తే రెండు నిమిషాల్లో సరిచేస్తారు. బిల్లు ఫొటో తీసి ఉంచుకోండి. టిప్పు ఇవ్వాలనిపిస్తే బల్ల చూసుకున్న మనిషికీ, దోసె మాస్టర్‌కీ చేతికే ఇవ్వండి.

ఇంట్లోవాళ్లకి తీసుకెళ్లాలంటే

బఫేలోది పొట్లం కట్టివ్వరు, అడిగి ఇబ్బంది పడకండి. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో వదిలి వచ్చినవారు మెనూ కార్డు నుంచి విడిగా పార్సిల్ చెప్పుకోవచ్చు. బిర్యానీ వేళకే చెప్పాలి, కట్టేసరికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలవుతుంది. లేచి వెళ్లేటప్పుడు చెప్తే గుమ్మం దగ్గర నిలబడాల్సి వస్తుంది.

చేపల పులుసు తీసుకుంటే ప్లాస్టిక్ కవరులో వద్దని, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోయించండి. వేడి పులుసు కవరులో చేరితే ముక్కలు ఒత్తుకుని విరుగుతాయి. ఇల్లు చేరగానే రాత్రికి తినగా మిగిలినది స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, వండినప్పటి నుంచి రెండు గంటలు దాటనివ్వకండి. తెల్లారి గరిటె పెట్టకుండా, గిన్నెను గుడ్డతో పట్టుకుని కుదుపుతూ తెర్లు వచ్చేదాకా కాచండి. ముక్క చెదరదు. అప్పటికి పులుపు ముక్కలోకి దిగి, రాత్రికంటే రుచిగా ఉంటుంది.